అడగని పాటకు ముప్ఫై రూపాయలు

పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ గుడికి వెళ్ళే బజార్లో మా బాబాయికి చిన్న రీచార్జి కొట్టు ఉండేది. 2012 వేసవి సెలవులకు నేను అందులో కూర్చున్నాను. ఒక బల్ల, రెండు కుర్చీలు, రీచార్జి చేసే ఫోను, నంబర్లు రాసుకునే పొడుగు నోటు పుస్తకం, అంతే. పక్క కొట్లో కొబ్బరికాయలు, పసుపు కుంకుమ పొట్లాలు. మా దగ్గర టాపప్పులు, కాల్ ఛార్జీ తగ్గించే రేట్ కట్టర్లు.

ఒక పొద్దున ఓ పెద్దావిడ వచ్చింది. పాలిథిన్ కవరులో చుట్టి రబ్బరు బ్యాండు వేసిన ఫోను బల్ల మీద పెట్టింది. మిరపకోతలకు పోయే మనిషి. వేళ్ళ చివర్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

“నిన్ననేగయ్యా యాభై ఏయించుకపోయింది. ఇయ్యాల చూపిస్తే సగం కూడా లేదంటన్నారు. నేను ఎవురికీ చెయ్యలా. ఏడికి పొయినయ్యి?”

పుస్తకం తిరగేశాను. నిజమే, ముందురోజు సాయంత్రం పేజీలో ఆమె నంబరు, పక్కన 50 అని నా చేతిరాతే ఉంది. ఫోను తీసుకుని మెసేజ్‌లు చూశాను. ఇంగ్లీషులో ఒకటి వచ్చింది: కాలర్ ట్యూన్ మొదలైంది, 30 రూపాయలు తీసుకున్నాం, గడువు 30 రోజులు. కొట్టు ఫోనులోంచి ఆమె నంబరుకి కలిపాను. ట్రింగ్ ట్రింగ్ అనాల్సిన చోట ఏదో సినిమా పాట. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. తలవంచి శ్రద్ధగా వింది.

“పాట బానే ఉంది. నాకెందుకయ్యా?”

కాలర్ ట్యూన్ పెట్టుకున్న మనిషికి వినపడదు, ఫోను చేసినవాళ్ళకే వినపడుతుంది. తన కూలి డబ్బుతో మోగుతున్న పాటని ఆమె వినడం అదే మొదటిసారి. అదీ నేను వినిపిస్తే.

ఎలా వచ్చిందని అడిగితే చెప్పింది. ముందురోజు రాత్రి ఎవరో ఫోను చేశారు. ఎత్తితే పాట వచ్చింది, ఆడగొంతు ఏదో చెప్పింది. ఎట్లా ఆపాలో తెలియక మీటలు నొక్కింది. ఆమెకు తెలిసినవి రెండే, పచ్చమీట, ఎర్రమీట. మధ్యలో ఇంకేం తగిలిందో ఆమెకెలా తెలుస్తుంది? ఆ తగిలిన మీటనే ఒప్పుకోలు కింద రాసుకున్నారు.

ఆ వేసవిలో ఇలాంటివాళ్ళు రోజుకి ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్ళు. జాతకాలు, క్రికెట్ స్కోర్లు, జోకులు, ప్రేమ చిట్కాలు, దేవుడి వాల్‌పేపర్లు. కీప్యాడ్ ఫోను చిన్న తెర మీద దేవుడు ఎంత కనపడతాడు? “బాబాయ్, బాలెన్స్ కట్టయింది” అనే మాట నేను ఆ కొట్లోనే నేర్చుకున్నాను. ‘కట్టయింది’ అంటారు, ‘కట్ చేశారు’ అనరు. కోసిన చెయ్యి కనపడకపోతే మాట కూడా అలాగే పుడుతుంది.

చాలామంది ముందు మా బాబాయినే అనుమానించేవాళ్ళు. డబ్బులు తీసుకుని తక్కువ ఏశాడేమోనని. కంపెనీ ఎక్కడో ఉంటుంది, ఎదురుగా కనపడేది కొట్టువాడే కదా. నోటు పుస్తకం చూపించి, వచ్చిన మెసేజ్ చదివి వినిపించి, ఒట్టేసి చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ మాటలు పడ్డ రోజు ఆయన మధ్యాహ్నం అన్నం సరిగా తినేవాడు కాదు.

ఎవరి మీట, ఎవరి ఒప్పుకోలు

ఈ డబ్బు నడిచే దారి చెబుతాను. పాటో జాతకమో తయారుచేసేది ఒక కంపెనీ. దాన్ని ఫోన్ల దాకా చేర్చేది మధ్యవర్తి. డబ్బు కోసేది మాత్రం మన సిమ్ము కంపెనీ, ఎందుకంటే మన బాలెన్సు దాని చేతిలోనే ఉంది. కోసింది ముగ్గురూ పంచుకుంటారు. వ్యాపార భాషలో దీని పేరు ‘విలువ ఆధారిత సేవలు’, వాస్. సేవ ఎవరో బయటివాళ్ళదైనా, మన జేబుకి తాళంచెవి మనం నమ్మి సిమ్ము తీసుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మన డబ్బు దాచమని ఇచ్చినవాడు, బయటివాడు అడగ్గానే అందులోంచి తీసి ఇస్తే, అది మనకు చెప్పి ఇవ్వాలి కదా.

ఒప్పుకోలు పుట్టించే పద్ధతులు చాలా ఉండేవి. ఆగి ఉన్న తెర మీద ఉన్నట్టుండి ఒక ఫ్లాష్ మెసేజ్ వస్తుంది, కింద ‘ఓకే’. దాన్ని పోగొట్టాలని మధ్య మీట నొక్కితే అదే ఒప్పుకోలు. ఎదుటివాళ్ళ కాలర్ ట్యూన్ వింటున్నప్పుడు స్టార్ మీట తగిలితే ఆ పాట మనకీ వచ్చేస్తుంది. ఇంటర్నెట్ వచ్చాక బొమ్మ మీద వేలు పడితే చాలు. నెల తిరిగితే దానంతటదే మళ్ళీ మొదలవుతుంది, ఈసారి మీట కూడా అక్కర్లేదు. సంక్రాంతికీ కొత్త సంవత్సరానికీ ఇంకొకటి: మెసేజ్ ప్యాక్ వేయించుకున్నా ఆ రోజుల్లో పనిచేయదు, శుభాకాంక్షలకు మెసేజ్ లెక్కన కోత. దాన్ని బ్లాకవుట్ డే అనేవాళ్ళు.

చిన్న మొత్తాలు ఎంత పెద్దవవుతాయో ఒక కేసు రికార్డులో ఉంది. 2007లో హిందీ ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ చూసేవాళ్ళకి ఇంట్లోంచే జవాబు పంపే పోటీ పెట్టారు. ఒక్కో ఎస్సెమ్మెస్‌కి 2 రూపాయల 40 పైసలు. దాదాపు 5 కోట్ల 80 లక్షల మెసేజ్‌లు, అంటే 13 కోట్ల 92 లక్షల రూపాయలు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చానల్ మీదా టెలికాం కంపెనీ మీదా కోటి రూపాయల దండన పరిహారం వేసింది. సుప్రీంకోర్టు 2019లో దాన్ని కొట్టేసింది. ఆ మెసేజ్‌లు జనం తెలిసి పంపినవే, కాబట్టి తీర్పు సంగతి వేరు. నేను చూపిస్తున్నది లెక్క. రెండు రూపాయల నలభై పైసలకి ఏ ఊళ్ళోనూ ఎవరూ రెండోసారి ఆలోచించరు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడ దీని పేరు క్రామింగ్. చదువులకీ ఉద్యోగాలకీ వెళ్ళిన మనవాళ్ళ ఫోన్లూ అక్కడి సిమ్ము కంపెనీలవే. జాతకాలకీ సినిమావాళ్ళ కబుర్లకీ నెలకు 9 డాలర్ల 99 సెంట్లు, అదీ 50 పేజీలు దాటే బిల్లులో ఎక్కడో లోపల. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో ఏటీ అండ్ టీతో 10 కోట్ల 50 లక్షల డాలర్లకీ, టీ-మొబైల్‌తో కనీసం 9 కోట్ల డాలర్లకీ పరిష్కారం చేసింది, అందులో ఎక్కువ భాగం వినియోగదారులకు తిరిగి ఇచ్చేందుకు. కమిషన్ చెప్పినదాన్ని బట్టి 2011 ఒక్క ఏడాదే ఏటీ అండ్ టీకి ఈ కోతల గురించి 13 లక్షలకు పైగా ఫోన్లు వచ్చాయి. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు, బిల్లు కాగితం చేతిలో ఉన్నవాళ్ళు అంతమంది మోసపోయారు. మిరపకోతల ఆవిడ దగ్గర కాగితం కూడా లేదు.

ముప్ఫై కోసం నందిగామ

ఆ పొద్దున ఆవిడ అడిగింది: “ఎవురినడగాల?”

కంపెనీ ఆఫీసుకి పోవాలంటే నందిగామో జగ్గయ్యపేటో బస్సెక్కాలి. రానూపోనూ ఛార్జీలు, ఒక రోజు కూలి. పోయింది ముప్ఫై. కస్టమర్ కేరుకి ఫోను చేస్తే ‘దీనికి ఒకటి, దానికి రెండు’ అని గొంతు చెబుతూనే ఉంటుంది. మనిషి వచ్చేసరికి మా కొట్టు ముందు నలుగురు జమయ్యేవాళ్ళు. ఈ కోత ముప్ఫై దగ్గరే ఎందుకు ఆగుతుందో నాకు అప్పుడు అర్థమైంది. మూడొందలైతే ఆమె బస్సెక్కేది.

ఆ రోజు ఆ ట్యూను ఆపించాను. డబ్బు రాలేదు. బాబాయి ఆమె నంబరుకి పది రూపాయలు ఉచితంగా వేశాడు. అది ఆయన పోగొట్టింది కాదు.

మరుసటి ఏడాది, 2013 జులైలో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ గట్టి ఆదేశం ఇచ్చింది. డబ్బు కోసే ఏ సేవకైనా వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకోవాలి. రెండో ఒప్పుకోలు, సేవ అమ్మేవాడితో సంబంధంలేని మూడోవాళ్ళ ద్వారా తీసుకోవాలి. జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క. ఆపించుకోవడానికి అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా 155223 అనే ఉచిత నంబరు ఉంది. ప్రీపెయిడ్ వాళ్ళు కూడా ఎప్పుడు ఎంత కోశారో లెక్క రాసిమ్మని అడగవచ్చు. ఆరు నెలల లోపు లెక్కకి 50 రూపాయలకు మించి తీసుకోకూడదని 2012 నిబంధనల్లోనే ఉంది. మంచి నిబంధన. కాని ముప్ఫై ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి యాభై కట్టగలిగేవాళ్ళు మా ఊళ్ళో ఎందరు?

కోర్టుకి పోదామంటే అదీ చాలాకాలం మూసి ఉంది. ఫోను బిల్లు తగాదాలు వినియోగదారుల ఫోరాలు వినకూడదు, టెలిగ్రాఫ్ చట్టం కింద మధ్యవర్తిత్వానికే పోవాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని తెరిచిన కేసు అహ్మదాబాద్‌ది. నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చే ఒక మనిషికి 2013 నవంబరు, డిసెంబరుల మధ్య ఒక్క నెలకి 24,609 రూపాయల 51 పైసల బిల్లు వచ్చింది. 2014లో ఆయన జిల్లా ఫోరానికి వెళ్ళాడు. ఆ కేసు అక్కడ వినొచ్చా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద కంపెనీ ఢిల్లీదాకా పోరాడింది. వినొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 16న తేల్చింది. ఎనిమిదేళ్ళు, గుమ్మం దాటడానికే. ఇప్పుడు మన ప్రాంతంవాళ్ళు విజయవాడలోని కమిషన్‌కి వెళ్ళవచ్చు, 5 లక్షలలోపు కేసులకు ఫీజు కూడా లేదు. అంతకుముందే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవచ్చు.

కోత చోటు మార్చింది

2016 తర్వాత అపరిమిత ప్యాకులు వచ్చాయి. మెయిన్ బాలెన్సు అనే మాటే చాలామంది మరచిపోయారు. బాలెన్సే లేకపోతే కోసేది దేన్ని? నేనూ కోత పోయిందనే అనుకున్నాను. మా అమ్మ బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీ వేయించేదాకా.

మూడు నెలలకోసారి 17 రూపాయల 70 పైసలు పోతున్నాయి. 15 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. పక్కన ఎస్సెమ్మెస్ ఛార్జీలు అని ఉంది. ఆ మూడు నెలల్లో అమ్మ ఖాతాలో జరిగిన లావాదేవీలు రెండు. పంపిన మెసేజ్‌ల లెక్కన మాత్రమే తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2013 నవంబరులోనే బ్యాంకులకి చెప్పింది. అది చూపించి అడిగితే కౌంటరులోని అబ్బాయి మర్యాదగానే విన్నాడు, “సిస్టం తీసుకుంటుందండీ” అన్నాడు. ‘కట్టయింది’ అనే మాటకి ఇది పెద్దన్న.

స్మార్ట్‌ఫోను ఉన్న పిల్లలకు ఆటోపే వచ్చింది. రూపాయికి మూడు రోజులు చూడమంటారు, పిన్ను కొట్టిస్తారు, నాలుగోరోజు అసలు ధర ఖాతాలోంచి పోతుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఒక పేజీ ఉంటుంది, తెరిచి చూడండి. మా తమ్ముడి ఫోనులో తనకు గుర్తులేనివి మూడు కనపడ్డాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో 13 రకాల మోసపు డిజైన్లను నిషేధించింది. చేరడం సులువుగా, బయటపడటం కష్టంగా పెట్టే చందా ఉచ్చు వాటిలో ఒకటి.

ఇక కీప్యాడ్ ఫోనువాళ్ళు. మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ వాడనివాళ్ళు ఏళ్ళ తరబడి ఇంటర్నెట్ కలిపిన ప్యాకులకే డబ్బు కడుతూ వచ్చారు. నా లెక్కలో అదీ అడగని పాటే. మాటలకూ మెసేజ్‌లకూ మాత్రమే విడి ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. వాటిని వేయమని మనం అడగాలి. కొట్టువాళ్ళు తమంతట తాము చూపించడం నేను ఇంతవరకు చూడలేదు.

ఈ ముప్ఫైలకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. మా ఊరివాళ్ళు మెసేజ్ చూడటం మానేశారు. ఫోను కుయ్‌మంటే ఎవడో ఏదో అమ్ముతున్నాడనీ, తెరిస్తే కోత పడుతుందనీ భయం. 2023 జులైలో మా ఊరి పక్కన పారే మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాదు-విజయవాడ రహదారి మునిగింది, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ వరద. హెచ్చరికలు ఇప్పుడు ఫోన్లకే వస్తాయి. చూసే అలవాటు చంపేసి, ఆ దారినే వరద కబురు పంపితే ఎవరు చదువుతారు?

మొన్న ఊరెళ్ళినప్పుడు మిరపకోతల ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు కోతలకు పోవడం లేదు. ఫోను గోడకి మేకు కొట్టి తగిలించిన సంచిలో ఉంది. ఇన్‌బాక్స్ నిండా చదవనివే. ఒక్కోటీ చూసి తీసేస్తూ చెప్పాను: 2025లో కొత్త పద్ధతి వచ్చింది, పంపినవాడి పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. పి అంటే అమ్మకం, ఎస్ అంటే సేవ, టి అంటే లావాదేవీ, జి అంటే గవర్నమెంటు.

“నాకు అయ్యన్నీ ఎందుకు? ఏరొస్తంటే వచ్చేదాంట్లో ఏదుంటది?”

“జి ఉంటది పెద్దమ్మా.”

“ఎట్టుంటదది?”

క్యాలెండరు వెనక గీసి చూపించాను. సున్నా చుట్టి, మూయకుండా వదిలేసి, కొసన లోపలికి చిన్న గీత. ఆమె పొయ్యి దగ్గర్నుంచి బొగ్గుముక్క తెచ్చింది. ఫోను సంచి పక్కన గోడమీద నెమ్మదిగా గీసింది. మొదటిది మూసుకుపోయింది. చేత్తో తుడిచి మళ్ళీ గీసింది.