మందు ఒక్కటే, గుర్తుచేసే మనిషి ఉండాలి

మన హాస్టల్లో అమ్మానాన్నలు లేనివారు ఏటా కొందరు ఉంటారు. అమ్మమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో పెరిగి ఇక్కడికి వచ్చినవారే. అలాంటి పిల్లలకు హెచ్ఐవి ఉంటే మందులు వాడినా లాభం లేదనే మాట మేము చాలాసార్లు విన్నాము. అది నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

హెచ్ఐవి మన రక్తంలో రోగాలతో పోరాడే సిడి4 కణాలను నాశనం చేస్తుంది. ఏఆర్‌టి మందులు ఆ వైరస్ పెరగకుండా ఆపుతాయి గాని పూర్తిగా తొలగించలేవు. అందుకే వాటిని రోజూ వేళకు, జీవితాంతం వాడాలి. తరచు మానేస్తే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఎదిగేకొద్దీ దాన్ని మార్చాలి. కాబట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళే పెద్దలు కావాలి.

పశ్చిమ కెన్యాలో ఈ మందులు వాడే పిల్లలపై జరిపిన పరిశీలన 2006లో వెలువడింది. తల్లిదండ్రులు ఉన్నవారికీ, లేనివారికీ కూడా ఆరోగ్యం మెరుగుపడింది. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవారిలో మాత్రలు తప్పడం ఎక్కువగా కనిపించింది. అంటే అనాథ అని మందు పనిచేయకపోదు. వేళకు గుర్తుచేసే మనిషి లేకపోవడమే అసలు లోటు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టి మందులు ఉచితం. మొదట ప్రారంభించిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం 2006 నవంబరులో మొదలైంది. కొనే బాధ లేకున్నా భయం ఉంది. పక్కవాళ్ళు చూస్తారని పిల్లవాడు మందుల డబ్బాను ట్రంకుపెట్టె అడుగున దాచేస్తాడు. దసరా సెలవులకు వెళ్ళిన ఇంట్లో తెలియకూడదని మాత్రలు మానేస్తాడు.

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం హెచ్ఐవి ఉందని చదువులో వివక్ష చూపకూడదు. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ఇంటి భారం మోస్తున్న 12 నుంచి 18 ఏళ్ళలోపు అక్కో అన్నో, తగిన అవగాహన ఉంటే, చెల్లికీ తమ్ముడికీ సంరక్షకులుగా నిలబడవచ్చు.

తమ్ముళ్ళూ! ఒకే పంక్తిలో తిన్నా, పక్కపక్కన పడుకున్నా హెచ్ఐవి అంటదు. ఎవరైనా మాత్ర వేసుకుంటుంటే ఎందుకని అడగకండి, గ్లాసుతో నీళ్ళు అందించండి. మన హాస్టల్లో అన్నం గంట ఏ రోజూ తప్పదు. ఆ గంటకు మాత్ర కూడా తప్పకుండా చూస్తే, అమ్మానాన్నలు లేని లోటు కొంతైనా మనమే తీర్చినవాళ్ళమవుతాము.