అణు విద్యుత్ కేంద్రాల భద్రత: ముప్పు అంచనాలో మారుతూ వచ్చిన విధానం

అణు విద్యుత్ కేంద్రం సురక్షితమా, కాదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పే పద్ధతిని నియంత్రణ సంస్థలు ఏనాడో విడిచిపెట్టాయి. ఏ వైఫల్యం ఎంత అరుదుగా సంభవించగలదు, దానిని అడ్డుకునే ఏర్పాట్లు ఏమిటి, అవి కూడా విఫలమైతే పరిసర ప్రజలకు వాటిల్లే నష్టమెంత అన్న మూడు అంశాలను లెక్కగట్టడమే నేటి విధానం. దీనినే సంభావ్యతా భద్రతా అంచనాగా వ్యవహరిస్తున్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల సామర్థ్యం గల ఆరు రియాక్టర్లకు కేంద్ర ప్రభుత్వం సూత్రప్రాయ ఆమోదం తెలిపిన దృష్ట్యా ఈ విధానంపై అవగాహన రాష్ట్ర అధికారులకు, పాత్రికేయులకు అవసరం.

మూడు అంచెల లెక్క

ఈ అంచనా మూడు అంచెలుగా సాగుతుంది. ఇంధనం ఉండే రియాక్టర్ కోర్ దెబ్బతినే అవకాశాన్ని మొదటి అంచెలోను, రక్షణ గోపురం దాటి రేడియోధార్మిక పదార్థాలు వెలువడే అవకాశాన్ని రెండవ అంచెలోను, ప్రజారోగ్యంపై, పర్యావరణంపై పడే ప్రభావాన్ని మూడవ అంచెలోను లెక్కిస్తారు. కోర్ తీవ్రంగా దెబ్బతినే అవకాశం పాత కేంద్రాలలో ఒక రియాక్టర్‌కు 10 వేల సంవత్సరాలకు ఒకసారి, కొత్త వాటిలో లక్ష సంవత్సరాలకు ఒకసారి మించరాదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా బృందం లక్ష్యాలుగా సూచించింది.

ఈ అంకెలను సరిగా గ్రహించవలసి ఉన్నది. లక్ష సంవత్సరాలకు ఒకసారి అంటే అంతవరకు ప్రమాదం జరగదని అర్థం కాదు; ఏ సంవత్సరంలోనైనా లక్షలో ఒక వంతు అవకాశం ఉన్నదని మాత్రమే అర్థం. ఆరు రియాక్టర్లు 60 సంవత్సరాలు పనిచేస్తే మొత్తం 360 రియాక్టర్ సంవత్సరాలు. అప్పుడు ఆ అవకాశం సుమారు 0.36 శాతం అవుతుంది.

నరోరా నేర్పిన పాఠం

లెక్క ఎంత కచ్చితమైనదన్నది అందులో చేర్చిన కారణాలపై ఆధారపడి ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో 1993 మార్చి 31న టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ వెలువడి మంటలు చెలరేగాయి. ప్రధాన విద్యుత్ కేబుళ్లు, ప్రత్యామ్నాయ కేబుళ్లు తగిన అగ్నినిరోధక విభజన లేకుండా సాగినందున రెండూ కాలిపోయాయి. సుమారు 17 గంటలపాటు కేంద్రానికి విద్యుత్ లేదు. సిబ్బంది చీకటిలో టార్చిలైట్లతో రియాక్టర్ భవనం పైకి చేరుకుని బోరాన్ ద్రావణాన్ని చేతితో విడుదల చేశారు. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపుల ద్వారా నీరు పంపి రియాక్టర్‌ను చల్లబరిచారు. రేడియోధార్మికత వెలుపలికి రాలేదు.

విడివిడిగా విఫలమవుతాయని భావించిన ఏర్పాట్లను ఒకే కారణం ఏకకాలంలో దెబ్బతీయగలదని ఈ ఘటన నిరూపించింది. 2004 డిసెంబరు 26న సునామీ నీరు కల్పాక్కం కేంద్రం పంపుహౌస్‌లో ప్రవేశించగా, నడుస్తున్న రియాక్టర్‌ను సురక్షితంగా నిలిపివేశారు. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో మాత్రం పరిణామం వేరు. 5.7 మీటర్ల అలలను ఊహించిన చోట సుమారు 14 మీటర్ల ఎత్తున సముద్రం పైబడింది. భూకంపానికి వెలుపలి విద్యుత్, సునామీకి డీజిల్ జనరేటర్లు పోయి మూడు రియాక్టర్ల కోర్‌లు కరిగిపోయాయి. అనంతరం మన దేశ కేంద్రాలలోను సమీక్ష నిర్వహించి, వెలుపలి నుంచి నీరు ఎక్కించే ఏర్పాట్లను, హైడ్రోజన్‌ను తొలగించే పరికరాలను సమకూర్చే చర్యలు చేపట్టారు.

నియంత్రణ సంస్థకు చట్టబద్ధత

అంచనా వేసేది నిర్వహణ సంస్థ. దానిని పరిశీలించి అనుమతి ఇచ్చేది అణుశక్తి నియంత్రణ మండలి. 1983 నవంబరు 15న ఏర్పాటైన ఈ మండలి పార్లమెంటు చట్టం ద్వారా నేరుగా ఏర్పడినది కాదు. మూడు దశాబ్దాలు కావస్తున్నా రేడియేషన్ భద్రతా విధానాన్ని రూపొందించలేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2012 నివేదికలో ఆక్షేపించారు. స్వతంత్ర ప్రాధికార సంస్థ కోసం 2011లో ప్రవేశపెట్టిన బిల్లు 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టం మండలికి చట్టబద్ధ ప్రతిపత్తిని కల్పించింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా ఈ రంగంలో ప్రవేశం కల్పించినందున, స్వతంత్ర పరిశీలన ప్రాధాన్యం మరింత పెరిగింది.

జిల్లా యంత్రాంగం బాధ్యత

కేంద్రం ఆవరణ దాటిన అత్యవసర పరిస్థితిని ఎదుర్కొనవలసినది జిల్లా యంత్రాంగమే. కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల పరిధికి అత్యవసర ప్రణాళిక సిద్ధంగా ఉంచి, రెండు సంవత్సరాలకు ఒకసారి మాదిరి విన్యాసం నిర్వహించడం ఆనవాయితీ. ప్రజలను ఇళ్లలోనే ఉంచడం, అయోడిన్ మాత్రల పంపిణీ, అవసరమైతే సురక్షిత ప్రాంతాలకు తరలింపు ఇందులో ముఖ్యాంశాలు.

ఉత్తరాంధ్ర తీరానికి ఈ లెక్కలో ప్రత్యేకత ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు విద్యుత్ సరఫరాను, రాకపోకలను ఒకేసారి స్తంభింపజేశాయి. రియాక్టర్‌కు అవసరమైన వెలుపలి విద్యుత్, ప్రజల తరలింపునకు అవసరమైన రహదారి రెండూ ఒకే గాలివానకు పోగలవన్న మాట. ఈ రెంటినీ విడివిడిగా లెక్కించే ప్రణాళిక కాగితంపై ఎంత చక్కగా ఉన్నా అసంపూర్ణమే. అందుచేత తుపాను అనుభవం గల రెవెన్యూ, విద్యుత్, రహదారుల శాఖల సమాచారం ముప్పు అంచనాలో మొదటి నుంచే భాగం కావలసి ఉన్నది. కొవ్వాడ వంటి చోట ఆ పని నిర్మాణం ప్రారంభం కాకముందే పూర్తి చేసుకోవడం శ్రేయస్కరం.