కొబ్బరాకు కింద తెల్లటి సుడులు.. మందు కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి!

వాకాడు తీరంలో మీ పెరట్లో కొబ్బరి చెట్టు ఉందా? అయితే ఓసారి కింది మట్టలు తిప్పి చూడండి. ఆకు అడుగున ముగ్గేసినట్టు తెల్లటి సుడులు, పైన మసి పూసినట్టు నలుపు కనిపిస్తే రూగోస్ తెల్లదోమ వచ్చినట్టే అనుకోవాలి.

ఇది మన పురుగు కాదు. మధ్య అమెరికాలోని బెలిజ్‌లో దొరికిన నమూనాలను చూసి, 2004లో జాన్ మార్టిన్ అనే శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర బయటపడింది. ఆ తర్వాత ఏపీకీ పాకి, గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు చుక్కలు చూపించింది.

నిజానికి 1993 నుంచే మన దేశంలో ఇలాంటిదే ఇంకో సర్పిలాకార తెల్లదోమ ఉంది. రెండూ సుడులుగానే గుడ్లు పెడతాయి. మరి తేడా ఎలా తెలిసింది? రెక్కలు చూసి కాదు. రెక్కలు రాకముందు ఆకుకు అతుక్కుని ఉండే దశలో పురుగు పెంకును మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తారు. దీని వీపు చివర ఉండే చిన్న మూత ముడతలు పడి ఉంటుంది. రూగోస్ అంటే ముడతలు అనే అర్థం. పేరు అలా వచ్చిందన్నమాట.

పిల్ల పురుగులు ఆకు రసం పీల్చి, తియ్యటి జిగురు వదులుతాయి. అది కింది ఆకుల మీద పడితే నల్లటి బూజు పడుతుంది. ఎండ తగలక ఆకు ఆహారం తయారు చేసుకోలేదు. చెట్టు చావదు కానీ నీరసిస్తుంది. అరటి, జామ చెట్లనూ ఇది వదలదు.

చాలామంది వెంటనే ఘాటైన పురుగుమందు కొట్టేస్తారు. అక్కడే దెబ్బతింటున్నారు! ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగ, ఈ పిల్ల పురుగుల్లోనే గుడ్లు పెట్టి వాటిని చంపేస్తుంది. మందు కొడితే ముందు పోయేది అదే. తెల్ల సుడుల మధ్య నల్లబడిన పురుగులు కనిపిస్తే కందిరీగ పని మొదలుపెట్టిందని గుర్తు. అలాంటి ఆకులను కోసి కాల్చొద్దు.

అంతగా ఉధృతి ఉంటే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బుపొడి కలిపి పిచికారీ చేయొచ్చు. పసుపు జిగురు అట్టలు కట్టినా దోమ చిక్కుతుంది. నల్ల బూజు పోవాలంటే పల్చటి గంజి చల్లాలి. ఆరాక పొరలా ఊడి వచ్చేస్తుంది.

ఇక నర్సరీ నుంచి కొబ్బరి మొక్క తెచ్చుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందే ఆకు తిప్పి చూసుకోండి. దూరాలకు ఈ దోమ ఎక్కువగా ప్రయాణించేది మొక్కల లోడుల మీదే.