డిక్కీలో మ్యాటు ఎత్తి చూశావా?

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే మా మనవరాలు వచ్చి వాకిట్లో కారు ఆపింది. "తాతయ్యా, ఒక్కసారి బయటికి రా" అంది. ఆ గొంతు విని పేపరు పక్కన పెట్టి లేచాను. ముందు పిల్లని చూశాను. మెడ అటూ ఇటూ తిప్పమన్నాను. నొప్పేం లేదన్నాకే కారు వైపు తిరిగాను.

బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగి ఉంటే వెనక నుంచి సరుకుల ట్రాలీ వచ్చి గుద్దిందట. నంబరు చూసేలోపే వాడు సందులోకి తిప్పేశాడట. వెనక బంపరు ఎడమ పక్క అరచేయంత సొట్ట, దాని అంచున రెండంగుళాల చీలిక, రంగు లేచిపోయిన గీతలు. అంతే కనిపిస్తోంది.

"పదిహేడు వేలవుతుందన్నారు. క్లెయిమ్ పెట్టెయ్యమని అమ్మ, పెడితే బోనస్ పోతుందని నాన్న. నువ్వు చెప్పు."

కాగితం, పెన్ను తెమ్మన్నాను. ఇలాంటివి నోటితో తేలవు.

మనం కట్టే ప్రీమియంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి థర్డ్ పార్టీ, అంటే మన వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం కోసం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రెండోది మన బండికి జరిగే నష్టం కోసం, ఓన్ డ్యామేజి. నో క్లెయిమ్ బోనస్ ఈ రెండో ముక్క మీదే వస్తుంది. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం తగ్గింపు, రెండేళ్లకి 25, మూడేళ్లకి 35, నాలుగేళ్లకి 45, అయిదేళ్లకి 50. అక్కడితో ఆగిపోతుంది. ఒక్క క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌కి సున్నా, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మేసి ఇంకోటి కొనుక్కున్నా వెంట వస్తుంది. అందుకే దాన్ని తేలిగ్గా వదులుకోకూడదంటాను.

మా పిల్ల కారు కొని నాలుగున్నరేళ్లయింది, ఇప్పటిదాకా క్లెయిమ్ లేదు. ఇప్పుడు 45లో ఉంది, వచ్చేసారి 50. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజి ప్రీమియం పదివేలనుకుందాం. క్లెయిమ్ పెట్టకపోతే ఏటా అయిదువేలు కట్టుకుంటూ పోతుంది. పెడితే వరసగా పదివేలు, ఎనిమిది వేలు, ఏడున్నర వేలు, ఆరున్నర, అయిదున్నర. ఆ పైన గానీ మళ్లీ అయిదువేలకి రాదు. అయిదేళ్లలో ఎక్కువ కట్టేది 12,500. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,750. కారు పాతబడేకొద్దీ ప్రీమియం కొంత తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకంటే తక్కువే ఉంటుంది, కానీ అంచనాకి ఇది చాలు.

ఇక చేతికి వచ్చేదెంత? బిల్లులో బంపరు 9,000, పెయింటింగు 5,000, కూలీ 3,000. కంపెనీ పదిహేడు వేలూ ఇచ్చెయ్యదు. ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీ, టైర్ల మీద సగం తరుగు తీసేస్తుంది. బంపరు ప్లాస్టిక్కే కాబట్టి 4,500 వస్తుంది. పెయింటింగు బిల్లులో పావు వంతు రంగు సామాను ఖర్చుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 625 పోతుంది. కూలీ పూర్తిగా ఇస్తారు. మొత్తం 11,875. అందులోంచి 1500 సీసీ లోపు కార్లకి వెయ్యి రూపాయలు మనమే పెట్టుకోవాలి. చివరికి వచ్చేది 10,875. పద్నాలుగు వేల పైచిలుకు వదులుకుని పదివేల పైచిలుకు తెచ్చుకోవడం!

"మరి బంపర్ టు బంపర్ ఉంటే?" అంది. మనవాళ్లు అలా పిలిచే జీరో డిప్రిసియేషన్ ఉంటే తరుగు కొయ్యరు, పదహారు వేలు వచ్చేవి. అప్పుడు కూడా మిగిలేది పన్నెండువందల యాభై రూపాయలే. ఆ పాలసీల్లో చాలావాటికి ఏడాదికి ఇన్నిసార్లే అని హద్దు ఉంటుంది గనక, అందులో ఒకటి దీనికే ఖర్చయిపోతుంది.

"అయితే నాన్నదే రైటు, జేబులోంచి పెట్టుకుంటా" అని లేచింది.

"కూర్చో తల్లీ. ఇది డబ్బు లెక్క. ఇనుము లెక్క ఇంకా మొదలెట్టలేదు. డిక్కీలో మ్యాటు ఎత్తి చూశావా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. అంచనా వేసినవాళ్లు కూడా బయటి సొట్ట చూసి రాసిచ్చారు.

మన కళ్లకి కనిపించే బంపరు అసలు బంపరు కాదు. అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు తొడుగు. దానికి సాగి వెనక్కి వచ్చే గుణం ఉంది. చిన్న సొట్టయితే వేడినీళ్లు పోసి లోపలి నుంచి నెడితే టప్పున లేచొస్తుంది, మీరూ చూసే ఉంటారు. దాని వెనక కాస్త మెత్తటి ఫోము, ఆ వెనక అడ్డంగా ఒక ఇనప దూలం, దాన్ని కారు నడుముకి కలిపే రెండు చిన్న ఇనప పెట్టెలు. దెబ్బ తినడానికి పెట్టినవి అవి. గుద్దిన క్షణంలో తొడుగు లోపలికి పోయి, దూలాన్ని తోసి, మళ్లీ బయటికి వచ్చి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. దూలం అలా తిరిగి రాదు. ఎందుకు రాదో చూపించడానికి అటక మీద ఉన్న పాత సైకిల్ చువ్వ తెచ్చాను.

"కొంచెం వంచి వదులు." వంచింది, వదిలింది, నిటారుగా వచ్చేసింది. "ఇప్పుడు గట్టిగా." మోకాలికి ఆనించి వంచింది, వంగిపోయింది. "ఇప్పుడు మునుపట్లా చెయ్యి." పదినిమిషాలు తంటాలు పడింది. వంపు ఉన్నచోట చువ్వ లొంగదు, దానికి అటూ ఇటూ కొత్త వంపులు పడతాయి. చివరికి పాము నడకలా ఒక వంకర మిగిలింది.

లోహంలో పరమాణువులు వరసల్లో అమరి ఉంటాయి. కొంచెం వంచితే వాటి మధ్య దూరాలు సాగి, వదలగానే సర్దుకుంటాయి. హద్దు దాటి వంచితే ఒక వరస ఇంకోదాని మీద జారి కొత్తచోట కుదురుకుంటుంది. ఆ జారుళ్లు ఒకదానికొకటి చిక్కుపడి ఆ చోటు ముందుకంటే బిరుసెక్కుతుంది. అందుకే తిరిగి వంచితే ఆ పక్కది వంగుతుంది గానీ అది వంగదు. ఒక జెమ్ క్లిప్పు కూడా ఇచ్చి పదిసార్లు అటూ ఇటూ వంచి పెదవికి ఆనించుకోమన్నాను. "వేడిగా ఉంది తాతయ్యా!" వంచిన శక్తి అక్కడే వేడిగా మారింది. ఇంకో రెండుసార్లకి పుటుక్కున విరిగింది.

కారు గుద్దుకున్నప్పుడు జరిగేది ఇదే. టన్ను బరువున్న బండి గంటకి 10 కిలోమీటర్ల వేగంతో గుద్దితే, నలభై సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే కుర్చీ ఎత్తు నుంచి, కింద పడ్డట్టు. 50లో గుద్దితే పది మీటర్ల ఎత్తు నుంచి, మూడంతస్తుల మీద నుంచి పడ్డట్టు. వేగం అయిదింతలు, శక్తి పాతికింతలు. ఆ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఇనుము ముడతలు పడుతూ మింగకపోతే మనిషి ఒంటికే వస్తుంది. 50లో ఉన్న కారు పది సెంటీమీటర్లలో ఆగితే మన బరువుకి దాదాపు వందరెట్ల ఒత్తిడి, అర మీటరు నలుగుతూ ఆగితే ఇరవై రెట్లే. కారు గట్టిగా ఉంటే మనిషి బతుకుతాడని అందరూ అనుకునే రోజుల్లో బేలా బారెనీ అనే ఇంజినీరు అది తప్పన్నాడు. మనిషి కూర్చునే గది గట్టిగా ఉండాలి, దాని ముందూ వెనకా నలగాలి అన్నాడు. 1951లో పేటెంటుకి పెట్టాడు, 1952లో వచ్చింది, 1959లో మెర్సిడెస్ కారులో పెట్టారు. ఇవాళ మన వాకిళ్లలో ఉన్న కార్లన్నిట్లో ఆయన ఆలోచన ఉంది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టాడో ఆ మహానుభావుడు!

అందులోనే మనం గుర్తు పెట్టుకోవాల్సింది ఉంది. ఒకసారి నలిగిన భాగం తన పని తాను చేసేసింది. లాగి, కొట్టి, లప్పం పెట్టి, రంగు వేస్తే చూపుకి బాగుంటుంది. రెండోసారి దెబ్బ తగిలితే అది అనుకున్న చోట, అనుకున్నంత నలగదు. పైగా ఇప్పటి కార్లు చాలావాటిలో గది చుట్టూ ఉండే స్తంభాలు బోరాన్ ఉక్కువి. తొమ్మిదివందల డిగ్రీల దాకా కాల్చి, అచ్చులో వేసి ఒక్కసారిగా చల్లబరిస్తే వాటికి ఆ బిగువు వస్తుంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినట్టే. దానిమీద గ్యాసు మంట పెట్టి సాపు చేస్తే ఆ బిగువు పోతుంది. మార్చాలి తప్ప సాపు చెయ్యకూడదు. ఒకసారి తెరుచుకున్న ఎయిర్ బ్యాగూ అంతే. మా తమ్ముడి కొడుకు ఒకసారి డివైడర్ని గుద్ది, బోనస్ మీద మమకారంతో ఒక షెడ్డులో ముందుభాగం లాగించాడు. ఆరునెలల్లో రెండు టైర్లు లోపలి అంచున అరిగిపోయాయి, స్టీరింగు వదిలితే కారు ఎడమకి పోయేది. ఆ కారులో చంటిపిల్లని కూర్చోబెట్టుకుని తిరిగారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఝల్లుమంటుంది.

మనవరాలితో కలిసి డిక్కీ తెరిచి, మ్యాటు ఎత్తి, స్టెప్నీ బయటికి తీశాను. టార్చి వేసి చూస్తే గుంట ఎడమ అంచున రేకు మీద మూడు ముడతలు, చీర కుచ్చిళ్లలా పక్కపక్కనే. రేకుల అతుకు మీద పూసిన సీలెంటు చిట్లింది, రంగు పెచ్చు లేచి లోపలి ఇనుము మెరుస్తోంది. వానాకాలం వస్తే తుప్పు పట్టేది అక్కడే. డిక్కీ మూత మూసి, దానికీ పక్క రేకుకీ మధ్య సందులో అయిదు రూపాయల బిళ్ల నిలువుగా పెట్టి జరిపించాను. కుడిపక్క సాఫీగా పోయింది. ఎడమపక్క సగంలో ఇరుక్కుంది.

ఇక వాదన లేదు. దేన్నీ విప్పకుండా ఫొటోలు తీసి కంపెనీకి ఫోను చేయించాను. సర్వేయరు చూడకముందు విప్పితే తరువాత మనమాట నిలవదు. అతని ఎదురుగానే బంపరు ఊడదీశారు. దూలం ఎడమకొన మూడువేళ్ల మేర లోపలికి పోయి ఉంది. అంచనా 75,000కి పెరిగింది: ఇనప భాగాలు ముప్ఫైవేలు, బంపరు తొమ్మిది, రంగు పదహారు, కూలీ ఇరవై. నాలుగు నుంచి అయిదేళ్ల కారుకి ఇనుము మీద తరుగు 35 శాతం. అన్నీ పోను 57,000 వచ్చింది. దాని ముందు పద్నాలుగు వేల బోనస్ ఏపాటి?

ఇది మన బండి వరకే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఈ లెక్కలేవీ పనికిరావు. ముందు ఆసుపత్రి, తరువాత పోలీసులకీ ఇన్సూరెన్సు కంపెనీకీ చెప్పడం. ఇది చట్టంలోనే ఉంది. అలాగే రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో కారుకి రాసిన విలువలో, 75 శాతం దాటితే దాన్ని మొత్తం నష్టం కింద లెక్కగట్టి డబ్బు ఇచ్చేస్తారు. అప్పుడు పాత కారు మీద ప్రేమతో బాగు చేయించుకుంటానని పట్టుబట్టకండి.

మూడు వారాలకి కారు తిరిగొచ్చింది. రంగు ఎలా కలిసిందో చూద్దామని నేను వెళ్లేసరికే మనవరాలు స్టెప్నీ కింద దించేసింది. టార్చి నా చేతికిచ్చి, "ఇటు పట్టుకో తాతయ్యా" అని గుంట అంచు చుట్టూ వేళ్లతో తడుముకుంటూ వచ్చింది.