కాలువగట్టు మొదలు కడలిదాక

వన్యమృగములను జూడగోరువాడు నల్లమలకో శేషాచలమునకో పోవలెననియు, పక్షులను జూడగోరువాడు పులికాటునకో నేలపట్టునకో ప్రయాణము కట్టవలెననియు మనలో ఒక నమ్మకము స్థిరపడియున్నది. గుడివాడ మొదలు బందరు వరకును, బందరు మొదలు హంసలదీవి వరకును ఎటు చూచినను కొండ యన్నది కానరాదు గనుక, కృష్ణానది తన కడపటి ఆమడలలో పరచిన ఈ ఒండ్రునేలలో మనుష్యుడు, పశువు, వరిచేను తప్ప మరియేమియు లేదని ఇక్కడి వారే అనుకొనుచుందురు. వాస్తవము వేరు. అన్యత్ర కొండయు అడవియు చేయు పనిని ఇచ్చట నీరు చేయుచున్నది. ఏ ప్రాణి ఏ వేళ ఏ చోట కనబడునో నిర్ణయించునది కాలువలోని నీటిమట్టమును, సముద్రపు పోటుపాటులును. ఆ నీటి నడక తెలిసినవాడు ఇల్లు విడిచి ఆమడ దూరము పోకయే చూడదగినది చూడగలడు. తెలియనివాడు బైనాక్యులరు మెడలో వ్రేలాడవేసికొని ఊరంతయు తిరిగి, కాకులను లెక్కించి ఇల్లు చేరును. కాకులను చూచుటయు చెడ్డపని యేమియు కాదనుకొనుడు.

ముందుగా గుడివాడ చేలను చూతము. బెజవాడవద్ద 1855లో పూర్తియైన పాత ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజియు లేకున్నచో ఈ ప్రాంతమున మనుష్యులకు ఇంత అన్నమును, కొంగలకు ఇంత మేతయు ఉండెడివి కావు. కాలువలు వదలి, ఆకుమళ్లు పెరిగి, రైతులు దమ్ము చేయు దినములలో ఏ పొలముగట్టు మీదనైనను నిలువుడు. ట్రాక్టరు చక్రముల వెనుక తెల్లకొంగలు బారులు తీరి నడచుచుండును. వాటి పూర్వులు నాగటి వెనుక నడచినవి. ఎద్దు పోయి యంత్రము వచ్చినందుకు వీటికి పట్టింపు లేదు, మట్టి పెల్లగిలి పురుగును కప్పయు పైకి వచ్చిన చాలును. ఆ గుంపునకు కొంచెము ఎడముగా, మాసిన తెలుపురంగుతో, నల్లని రెక్కల అంచులతో నిలుచునట్టి పెద్దకొంగ యొకటి కనబడును. అది ముక్కు మూసికొన్నప్పుడును రెండు దళముల నడుమ ఆవలి వెలుగు తోచునంత సందు మిగిలియుండును. తొలిసారి చూచువారు పాపము దీని ముక్కు వంకర పోయినదని జాలిపడుదురు. కాని అది నత్తలను తిని బ్రతుకు కొంగ. ముక్కుకొనను గుల్లలోనికి జొనిపి, లోపలి కండరమును త్రెంచి, గుల్ల పగులకుండనే నత్తను ఊడదీయు నేర్పు దానిది. పిల్లలకు ఈ సందు ఉండదు, ఎదిగిన కొలది ఏర్పడును. కనుక అట్టి కొంగల గుంపులో ముక్కులను పరిశీలించినవాడు ఏది తల్లి, ఏది ఆ యేటి పిల్ల యని చెప్పవచ్చును.

కాలువ నిండుగా పారునప్పుడు గట్టున కనబడునది తక్కువ; వేసవిలో కాలువలు కట్టివేసిన పిమ్మట అసలైన వినోదము ఆరంభమగును. అడుగున మిగిలిన మడుగులలో చేపలన్నియు చిక్కుకొనగా లకుముకి పిట్టలకు పండుగ. లకుముకి యని మనము ఒక్క పేరుతో పిలుచునవి ఇచ్చట ముఖ్యముగా మూడు. తెల్లని రొమ్ముతో, గోధుమవన్నె తలతో తీగెలపై కూర్చుండు పెద్దది నీటిని అంతగా లెక్కసేయక తొండలను, మిడుతలను కూడ పట్టి తినును. నలుపుతెలుపుల గళ్లది నీటిపై ఆకాశమున ఒక్కచోటనే రెక్కలల్లార్చుచు నిలిచి, గురి కుదిరినంతనే నిట్టనిలువున పడును. పిచ్చుకంతటి నీలిపిట్ట మాత్రము నీటికి జానెడెత్తున ఏదో పుల్లపై కదలక మెదలక కూర్చుండును. ఒకే మడుగు, ఒకే చేప, వేట మాత్రము మూడు తీరులు.

ఇంటికి ఇంకను దగ్గరగా చూడవలెనన్న పిచ్చుక కలదు, గిజిగాడు కలదు. క్రొత్తవరి కోసినప్పుడు కంకులను కుచ్చుగా అల్లి వసారాలో, గుడి ముంగిట వ్రేలాడగట్టు ఆచారము మన పల్లెలలో నేటికిని నిలిచియున్నది. పిచ్చుకలు ఆ గింజలను తినుట నిజమే కాని, గూటిలోని పసికూనలకు అవి పెట్టునది గింజ కాదు, పురుగు. కావున పెరటిలో పురుగుమందు చల్లి వసారాలో కుచ్చు కట్టినందువలన ప్రయోజనము స్వల్పము. గిజిగాని గూటిపై గుఱ్ఱం జాషువా పద్యములు వినని తెలుగువాడు అరుదు. సగము అల్లిన గూళ్లు తాటిమట్టలకు ఎందుకు వ్రేలాడుచుండునో ఎరిగినవాడు అంతకంటె అరుదు. వానకాలమున మగపక్షి వరియాకులను, తాటియాకులను నారలుగా చీల్చి, శిరస్త్రాణము వంటి అర్ధగృహమును అల్లి, దానిక్రింద రెక్కలార్చుచు వధువులను పిలుచును. ఆడుపక్షి వచ్చి లోపల కూర్చుండి పరీక్షించి, నచ్చినచో అంగీకరించును; అప్పుడే మగవాడు క్రింది గొట్టమును పూర్తిచేయును. నచ్చనిచో ఆ గూడు అట్లే మిగిలిపోవును, అతడు మరియొకటి ఆరంభించును. ఒక యింట ఇల్లాలు కుదిరిన పిమ్మట ప్రక్కనే రెండవ యిల్లు కట్టుట కూడ అతనికి పరిపాటియే గనుక, ఈ శిల్పిని మరీ ఎక్కువగా పొగడనక్కరలేదు.

గుడివాడ నుండి మండవల్లి మీదుగా కైకలూరు చేరినవారు నిలువనీటి లోకమున అడుగిడుదురు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నిలిచిన కొల్లేరు బుడమేరు, తమ్మిలేరు తెచ్చు నీటిని గైకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపుచుండును. 1999లో ప్రభుత్వము దీనిలో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఇది అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరినది. ఆటపాక వద్ద గూడబాతులు చెట్లపైనను, అటవీశాఖవారు నీటిలో నిలిపిన మంచెలపైనను గూళ్లు కట్టి పిల్లలను పెంచుట గట్టునుండియే చూడవచ్చును. వాటి గొంతుక్రింది సంచి చేపలను దాచుకొను గాదె యని చాలమంది భావింతురు. అది గాదె కాదు, వల. నీటితో సహా చేపను తోడి, ముక్కు వంచి నీరు జార్చి, పిమ్మట మ్రింగును. తుంగల అంచున నీలబొల్లికోళ్లు, నడినీట నామంకోళ్లు, ఇప్పుడే మునిగి మరియెక్కడనో తేలు బుడబుంగలు కలవు; బుడబుంగ తన పసికూనలను వీపున మోయుట చూచినవారు మరువలేరు.

ఈ గూడబాతుల విషయమున ఒక కృతజ్ఞత చెప్పవలసియున్నది. పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున వెలసిన గూడబాతుల కాలనీని పరిశీలించి, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో 1949లో వ్యాసము ప్రకటించినవాడు కె.కె. నీలకంఠన్ అను మలయాళీ ఆంగ్లోపన్యాసకుడు. ఆ వ్రాతవలననే మన పక్షుల ఆనాటి స్థితి కొంత మనకు దక్కినది. తెలుగువారు ఆ చెట్ల క్రిందనే పుట్టి పెరిగినవారు, వ్రాసినవాడు మాత్రము పరదేశి!

కొల్లేటిలో చెరువులు త్రవ్వి చేపలు పెంచువారికిని పక్షులకును వైరము సహజము. 2006లో ప్రభుత్వము అభయారణ్యములోని చెరువుగట్లను తెగగొట్టినది; వివాదము నేటికిని చల్లారలేదు. అప్పు తెచ్చి చేపపిల్లలను వదలిన రైతు నీటికాకులను చూచి సంతోషింపవలెననుట న్యాయము కాదు. అయినను చెరువుపై వలలు కట్టి, చిక్కుకొన్న పక్షులను విడిపింపక ఎండకు వదలుట నష్టనివారణము కాదు, కేవలము క్రౌర్యము.

ఇక బందరు. మంగినపూడి తీరము తెల్లని ఇసుకకు కాక నల్లని ఒండ్రుకు పేరొందినది. విహారమునకు వచ్చినవారు కాళ్లకు బురద అంటినదని విసుగుకొందురు గాని, ఆ బురదయే శీతకాలమున దూరదేశముల పక్షులను ఇచ్చటకు రప్పించు అన్నసత్రము. పోటు తీసినప్పుడు బయటపడు బురదనేలలో వానపాములవంటి పురుగులు, చిన్న పీతలు, గుల్లచేపలు లోతు లోతున దాగియుండును. పొట్టిముక్కు పక్షి పైపైన ఏరును, నడిమిముక్కు ఉల్లంకి అంగుళము లోతున పొడుచును, జానెడు పొడవున క్రిందికి వంగిన ముక్కు గలది పీత బొరియ అడుగంట వెదకును. వందలకొలది పక్షులు ఒకే ఒడ్డున కలహము లేకుండ భుజించుటకు కారణము వాటి సౌజన్యము కాదు, ముక్కుల కొలతలు.

వీటిని చూచుటకు వేళ ముఖ్యము. నీరు పూర్తిగా వెనుకకు పోయినప్పుడు పక్షులు చుక్కలుగా దూరమున ఉండును. పోటు నిండినప్పుడు ఉప్పుమళ్లలోనికి, మడచెట్ల చాటునకు పోయి విశ్రమించును. పోటు వచ్చుచుండగా, అలలు వాటిని అడుగడుగునకు ఒడ్డువైపు నెట్టు గంట రెండు గంటల కాలమే అనుకూలము. ఆ వేళ దినమునకు ఇంచుమించు 50 నిమిషములు వెనుకబడుచుండును. అమావాస్య పౌర్ణములకు పోటు హెచ్చు, అష్టమికి తగ్గు. బెస్తవారు తిథిని బట్టి దీనిని వ్రేళ్లపై లెక్కింతురు. కనుక పక్షులను జూడబోవువాడు జేబులో పంచాంగము ఉంచుకొనుట మంచిది. ఆ గ్రంథమునకు ఇంతకంటె నిర్వివాదమైన ఉపయోగము నాకు తోచదు. ఈ జాతుల ప్రయాణశక్తి ఎట్టిదన, 2022 అక్టోబరులో వీటి బంధువైన గాడ్‌విట్ పక్షిపిల్ల యొకటి అలాస్కా నుండి బయలుదేరి, పదునొకండు దినములు ఎక్కడను వ్రాలక, 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మేనియా ద్వీపమున దిగినట్లు దానికి అమర్చిన యంత్రము తెలిపినది. అట్టి పక్షి ఒడ్డున మేయుచుండగా కుక్కను ఉసిగొల్పుటయో, గుంపు లేచిన ఫోటో బాగుండునని చప్పట్లు చరచుటయో దాని ప్రాణశక్తిని దోచుటయే.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండుగా చీలి తన చేతులనడుమ నిలిపిన భూమి దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలకొలది జనులను పోగొట్టుకొన్న ఈ నేలలో మడఅడవి విలువను వేరుగా బోధింప పనిలేదు. 1989లో ఏర్పడిన కృష్ణా అభయారణ్యము ఈ మడలను, మొగలను కలుపుకొని దాదాపు 195 చదరపు కిలోమీటర్లు వ్యాపించియున్నది. నాగాయలంక నుండి పడవపై లంకల వైపు సాగినచో, పాటు వేళ మడవేళ్ల నడుమ ఒక చెయ్యి పెద్దదిగాను ఒక చెయ్యి చిన్నదిగాను గల పీతలు ఆ పెద్దచేతిని ఊపుచు సైగలు చేయుట, రెప్పలార్చు చేపలు బురదపై గెంతుట చూడవచ్చును. తిల్లచెట్టు కొమ్మలను మాత్రము విరువరాదు. దాని పాలు కంట పడిన ప్రమాదము.

ఈ అడవికి రాజు నీటిపిల్లి. బావురుపిల్లి యనియు పిలుతురు. పెంపుడుపిల్లికి రెట్టింపు కాయము, బూడిదవన్నె మేన నల్లని మచ్చలు, కురుచతోక, నీటిలో దూకి చేపను పట్టు అలవాటు దీని లక్షణములు. రాత్రించరము గనుక నక్కను త్రొక్కి వచ్చినవానికి తప్ప ఇది కనబడదు. కాని తెల్లవారుజామున, పోటు వచ్చి చెరిపివేయకమునుపు, మొగల అంచున దాని అడుగులు దొరకును. మామూలు పిల్లి అడుగులో గోళ్ల జాడ పడదు. నీటిపిల్లి గోళ్లు పూర్తిగా ముడుచుకొనవు గనుక ఒక్కొక్కప్పుడు పడును. నక్క అడుగునను గోళ్లు పడును గాని అది కోలగా ఉండును, ఇది గుండ్రము. గట్టుమీద చేపపొలుసులు, పీతచిప్పలు నిండిన పెంట కనబడినచో అది సాధారణముగా నీటికుక్కలది. అవి గుంపుగా తిరుగును.

జనవరి మొదలు ఏప్రిలు వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఈ తీరపు ఇసుకలో గోయి త్రవ్వి, నూరుకు పైబడిన గ్రుడ్లు పెట్టి పోవును. నక్కలు, కుక్కలు త్రవ్వి తినకుండ అటవీశాఖవారు గ్రుడ్లను కంచెలలో భద్రపరచి పిల్లలను సముద్రమున విడుతురు. పిల్ల వెలుగువైపు నడచును. అందుచేత ఒడ్డున టార్చిలైటు వెలిగించినవాడు దానిని సముద్రమునకు కాక నక్క నోటికి పంపినవాడగును. ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు తూర్పుతీరమున మరపడవల వేట నిషేధము. అది చేపల సంతానోత్పత్తికై పెట్టినదే యైనను, ఆ నెలలలో తీరమున మిగిలిన తాబేళ్లకును వలల భయము తప్పును.

సాధనములు స్వల్పము: 8×42 బైనాక్యులరు ఒకటి, మట్టివన్నె బట్టలు, నోటుపుస్తకము. తేది, చోటు, నీటిస్థితి, పక్షి పేరు, సంఖ్య వ్రాసికొనుడు. పేరు తెలియనిచో ముక్కు, కాళ్లు, నడక వర్ణించి ఉంచుడు. 1987 నుండి ప్రతి జనవరియు ఆసియాలో స్వచ్ఛంద సేవకులు నీటిపక్షుల గణన చేయుచున్నారు. అందు పాల్గొనుటకు శాస్త్రజ్ఞుడు కానక్కరలేదు, పక్షిని గుర్తించి నిజాయితీతో లెక్కించిన చాలును. ఆరేడు గ్రామపు గూడబాతులను గూర్చి ఒక మలయాళీ వ్రాసిపెట్టినాడు. మంగినపూడి బురదనేలలోని ఉల్లంకులను గూర్చి వ్రాయవలసినవారు బందరువారే.