గాయపడిన సైనికునకు ఆటస్థలము

మే నెల మిట్టమధ్యాహ్నము కర్నూలులో కొండారెడ్డి బురుజు చెంతనో, కడపలో ఏడు రోడ్ల కూడలిలోనో కొంతసేపు నిలిచినవారికి ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒడలంతయు చెమట పట్టును. ఆ చెమట ఆరుచున్నప్పుడే మనకు కొంత సుఖము. అట్టి ఎండలో నడుము క్రింద ఒక్క చుక్క చెమటయైన పట్టని మనుష్యుని గతి యేమి? యుద్ధములో గుండు తగిలి వెన్నుపాము తెగిన సైనికుడు స్వగ్రామమునకు తిరిగి వచ్చినప్పుడు ఈ ప్రశ్న పుట్టును. ఆయనకు ప్రభుత్వము పింఛను ఇచ్చును. చక్రముల కుర్చీ లభించును. అంతతో మన బాధ్యత తీరినదా? తీరలేదని శరీరశాస్త్రము చెప్పుచున్నది. ఆయనకు తగిన ఆట కూడ కావలెను. అది ఆయన ఆయుర్దాయమునకు సంబంధించిన విషయము.

ఈ సంగతి తెలియుటకు చాల కాలము పట్టినది. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము వెన్నుపాము తెగినవారిలో ఎక్కువమంది రెండు మూడేండ్లలోనే మరణించెడివారు. కదలక పడియుండుటచే వీపునను, పిరుదులపైనను పుండ్లు పడెడివి. మూత్రకోశము చీము పట్టెడిది. ఇవియే వారి ప్రాణములు తీసెడివి. 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టరు లుడ్విగ్ గట్‌మన్ ఇట్టి సైనికులకై ఒక విభాగమును ప్రారంభించెను. రోగులను రెండేసి గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పించెను. పిమ్మట వారిచే బంతి ఆడించెను, బాణములు వేయించెను. 1948 జూలై 29వ తేదీన, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన నాడే, తన ఆసుపత్రి ఆవరణలో 16 మందికి విలువిద్యలో పోటీ జరిపించెను. 1960లో రోము నగరములో జరిగిన పోటీలకు 23 దేశములనుండి సుమారు 400 మంది వచ్చిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే ఆరంభము.

ఆట మందు ఎట్లయినది? కాళ్లు పనిచేయనివానికి చేతులే కాళ్లు. మంచముపైనుండి కుర్చీలోనికి దిగవలెనన్నను, కూర్చున్నచోటనే అప్పుడప్పుడు శరీరమును పైకెత్తి పుండ్లు పడకుండ కాచుకొనవలెనన్నను భుజములలో బలము కావలెను. ఆ బలము ఆటలో తెలియకుండనే చేకూరును. గుండె, ఊపిరితిత్తులు చురుకుగా పనిచేయును. కాలు పోయి కృత్రిమపాదము ధరించినవాని విషయము వేరు. మోకాలి క్రింద కాలు పోయినవాడు మనతో సమానముగా నడచుటకు సుమారు నాల్గవవంతు ఎక్కువ శక్తిని వెచ్చించును. మోకాలి పైన పోయినచో సగమునకు మించి ఎక్కువ కావలసియుండును. అలసట చేత అట్టివాడు నడక మానును. మానినకొలది బలము తగ్గును. ఈ వలయమును త్రెంచుటకు సాధనము వ్యాయామమే.

మన దేశములో ఇందుకు గొప్ప నిదర్శనము మురళీకాంత్ పేట్కర్. 1965 యుద్ధములో గుండ్లు తగిలి వెన్నెముక దెబ్బతిన్న ఈ సైనికుడు చికిత్సలో భాగముగా ఈత నేర్చెను. నీటిలో మునిగిన వస్తువు బరువు తగ్గునని ఆర్కిమిడీసు సూత్రము మనకు తెలియును. నేలపై మోయజాలని శరీరమును నీరు మోయును. చేతులు ముందుకు నడుపును. 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గులో జరిగిన పారాలింపిక్ క్రీడలలో ఆయన 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది 2018లో. ఈ రెండు సంవత్సరముల నడుమ గల దూరమును పాఠకులు గమనింతురు గాక.

తరువాత సైన్యమే ఈ పనిని ఒక క్రమముగా చేపట్టినది. పూనా నగరమునకు చేరిన కిర్కీలో 2017లో సైన్యపు పారాలింపిక్ శిక్షణకేంద్రము ఏర్పడినది. నాగాలాండునకు చెందిన హొకాటో సేమా 2002లో కాశ్మీరు సరిహద్దున మందుపాతర పేలి ఎడమకాలు కోల్పోయెను. పూనాలోని సైనిక కృత్రిమావయవ కేంద్రములో ఒక సైనికాధికారి ప్రోత్సహింపగా గుండు విసరుట ఆరంభించి, 2024 పారిస్ క్రీడలలో 14.65 మీటర్ల దూరము విసరి కాంస్యపతకము పొందెను.

ఆ పోటీలో ఆటగాడు కూర్చుండి గుండు విసరును. ఇందలి యాంత్రికశాస్త్రము విద్యార్థులకు ఆసక్తి గొలుపును. నిలిచి విసరువానికి బలము కాళ్లలో పుట్టి, నడుము ద్వారా చేతికి చేరును. కూర్చున్నవానికి ఆ మొదటి మెట్టు లేదు. మొండెము, భుజము మాత్రమే దిక్కు. కనుక గుండు బరువును 7.26 కిలోగ్రాములకు బదులు 4 కిలోగ్రాములుగా నిర్ణయించినారు. ఆసనము ఎత్తు 75 సెంటీమీటర్లు మించరాదు. గుండును ముందుకు నెట్టునప్పుడు న్యూటను మూడవ నియమము ననుసరించి ఆసనము వెనుకకు నెట్టబడును. అందుచే దానిని పట్టీలతో నేలకు గట్టిగా బిగింతురు. ఆసనము కదలినచో ఆటగాని బలములో కొంత వ్యర్థమగును. అనుకూలక్రీడ యనగా ఇదియే: నియమమును, పరికరమును శరీరమునకు తగినట్లు మార్చుట.

ఇక రాయలసీమ ఎండ మాట. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి 42 డిగ్రీలున్నప్పుడు శరీరము గాలికి వేడి నిచ్చుటకు మారుగా గాలినుండి వేడిని పుచ్చుకొనును. అప్పుడు మనలను కాపాడునది చెమట యొక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఈ లెక్కన ఒక లీటరు చెమట శరీరమునుండి తీసికొనిపోవు వేడితో 10 లీటర్ల నీటిని 58 డిగ్రీలు వేడెక్కింపవచ్చును. చెమట పట్టుమని ఆజ్ఞాపించు నాడులు వెన్నుపాము ద్వారానే పోవును. ఛాతీభాగపు ఆరవ వెన్నుపూసకు పైన దెబ్బ తగిలినచో శరీరములో అధికభాగమునకు ఆ ఆజ్ఞ చేరదు. అట్టివానిని పది గంటల ఎండలో ఆడించుట ప్రాణాపాయము.

అయితే మన పొడిగాలియే ఇందుకు విరుగుడు కూడ. మట్టికుండలో నీరు చల్లబడు రీతినే, చర్మముపై చల్లిన నీరు, మెడపై వేసిన తడిగుడ్డ ఆ చెమట పనిని చాలవరకు చేయును. ఉక్కపోసెడి బెజవాడలో కంటె కర్నూలులో ఆ తడి త్వరగా ఆరును. కావున ఎక్కువ చల్లదనము నిచ్చును. తెల్లవారుజామున ఆట, పైన నీడ, చేరువలో నీరు, చిమ్ముటకొక సీసా: ఇంతమాత్రము చాలును.

ప్రభుత్వము చేయుచున్న పని తక్కువది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములోని 30వ విభాగము క్రీడలలో వారికి చోటు కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై పెట్టినది. 2023 డిసెంబరులో తొలి ఖేలో ఇండియా పారా క్రీడలు ఢిల్లీలో జరిగినవి. సి.ఆర్.పి.ఎఫ్. దళము గాయపడిన తన జవానులకై 2020లో హైదరాబాదులో ఒక జాతీయ కేంద్రమును నెలకొల్పినది. మన ప్రాంతపు మనిషి ఎంతదూరము పోగలడో నంద్యాల షేక్ అర్షద్ చూపినాడు. సైనికుడు కాకున్నను, ప్రమాదములో కాలు పోగొట్టుకొని, హైదరాబాదులో శిక్షణ పొంది, పారాలింపిక్ సైకిలు పందెములలో భారతదేశము పక్షమున తొలిసారిగా పాల్గొన్న ఇద్దరిలో ఒకడైనాడు. అది 2024లో, పారిస్‌లో.

కాని హైదరాబాదు కర్నూలునకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరము. కడపకు దాదాపు రెట్టింపు. పతకమునకు పోవువాడు అక్కడికి పోవును. ఆటను మందుగా వాడవలసినవానికి మాత్రము అది రోజూ కావలెను, ఇంటి చేరువలో కావలెను. కర్నూలు, కడపలలో సైనిక సంక్షేమ కార్యాలయములు ఉన్నవి, ఆటస్థలములు ఉన్నవి, ప్రతి ఉన్నత పాఠశాలలోను మైదానము ఉండదగినది. ఈ రెంటిని కలుపుటయే మిగిలిన పని. విసరుడు ఆసనమును ఊరి వెల్డింగు పనివాడు చేయగలడు. చక్రముల కుర్చీకి మెట్లు అడ్డము. నల్లరేగడి బురద అంతకంటె అడ్డము. కడప బండలో, బేతంచెర్ల బండలో గరుకువైపు పైకి పరచి వాలుదారి కట్టవచ్చును. అడుగు ఎత్తునకు పన్నెండడుగుల పొడవు కావలెను. రెండడుగుల అరుగునకు ఇరువదినాలుగు అడుగులు. డ్రిల్లు మాస్టరుకు కొన్నాళ్ల శిక్షణ ఇప్పించినచో తక్కిన కొరత తీరును.

ఉపాధ్యాయులు ఈ వేసవిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. రెండు థర్మామీటర్లను నీడలో వ్రేలాడదీసి ఒకదాని గుండుకు తడిగుడ్డ చుట్టవలెను. కొంతసేపటికి రెంటి నడుమ కనబడు తేడాయే చెమట మనకు చేయు ఉపకారము. పిమ్మట తమ పాఠశాల గేటు మొదలు మైదానము వరకు ఎన్ని మెట్లున్నవో, ఎంత వాలు కావలెనో పిల్లలచేతనే కొలిపించి లెక్క కట్టింపవలెను. ఆ లెక్కను ప్రధానోపాధ్యాయుని ద్వారా జిల్లా అధికారులకు పంపినచో, ఊరిలోని గాయపడిన సైనికుడు మైదానమునకు వచ్చుటకు అది తొలి మెట్టగును.