అల్లుడి బండి, మామగారి లెక్క

అమెరికాలోని మా అల్లుడికి ఫోర్డ్ మేవరిక్ హైబ్రిడ్ పికప్ మీద మనసైంది. "బ్యాటరీ పోతే ఎంతవుతుంది మావయ్యగారూ?" అని ఫోన్ చేశాడు. బ్యాంకులో వాహన రుణాలు చూసినవాణ్ణి కదా!

ఆ భయం అనవసరమన్నాను. అందులో ఉన్నది 1.1 కిలోవాట్ అవర్ల బుల్లి బ్యాటరీ. ఆ కంపెనీదే పూర్తి విద్యుత్ పికప్ లైట్నింగ్‌లో 98 ఉండేది. పైగా బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ. ప్లగ్గుతో పనిలేదు; బ్రేకు వేసినప్పుడల్లా కాస్త ఛార్జి అవుతుంది.

అసలు చూడవలసింది ధర. 2021లో 19,995 డాలర్లకు ప్రకటించిన బండి, 2025 మోడల్‌కు 26 వేలు దాటింది. మామూలు ఇంజన్ మేవరిక్‌తో పోలిస్తే 10 వేల మైళ్లకు మిగిలేది సుమారు 115 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లనుకుంటే 345. పెరిగిన ఆరువేల పైచిలుకు రాబట్టాలంటే ఏడాదికి 10 వేల మైళ్ల చొప్పున 18 ఏళ్లు తిరగాలి. అప్పు మీద వడ్డీ ఇందులో కలపలేదు!